బ్లేడ్ ఛాసిస్‌కి రెండు స్విచ్‌లు, నాలుగు కేబుళ్లు: ఎట్లా కలపాలి?

హంద్రీ_గట్టు | కర్నూలు | శుక్రవారం రాత్రి 9:40

అన్నలకు నమస్కారం. హైదరాబాద్‌లో మా హెడ్ ఆఫీసు వాళ్లు కొత్త సర్వర్లు కొనుక్కుని, పాత బ్లేడ్ ఛాసిస్‌ను, అంటే పలకల్లాంటి సర్వర్లు (బ్లేడ్లు) గుచ్చే పెద్ద పెట్టెను, మా నెత్తిన పెట్టారు. హెచ్‌పీ సీ7000. ర్యాక్‌లో 10 యూనిట్లు తింటుంది. బ్లేడ్లు, పవర్ సప్లైలు అన్నీ ఊడబీకినా సరే, లారీలోంచి దించడానికి ఆరుగురం పట్టాం. 16 బ్లేడ్లు పట్టే పెట్టెలో 8 బీఎల్460సీలు వచ్చాయి. వెనకవైపు ఒకటో బేలో (స్విచ్ దూర్చే అరలో) ఒకటి, రెండో బేలో ఒకటి సిస్కో 3020 బ్లేడ్ స్విచ్‌లు ఉన్నాయి.

ర్యాక్ పైన మాకు ఇదివరకే రెండు స్విచ్‌లు ఉన్నాయి. ఏ, బీ అనుకుందాం. రెండూ కలిసి ఒకే స్విచ్‌లా నటించే స్టాక్, ఎంలాగ్ లాంటివి వాటికి రావు. రెండింటి మధ్య రెండు కేబుళ్ల పోర్ట్ ఛానల్ (కేబుళ్లను కలిపి ఒకే లింకుగా కట్టింది) ఉంది. ఫైర్‌వాల్ బీ మీద ఉంది.

ప్రాక్స్‌మాక్స్ (ఒక సర్వర్ లోపల చాలా సర్వర్లను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి ఓ నలభై వీఎంలు, అంటే వర్చువల్ సర్వర్లు, నడపాలి. బిల్లింగ్, రిపోర్టులు, హాజరు మెషిన్ల సర్వరు, ఇట్లాంటివి. ఏ ఒక్క స్విచ్ పోయినా పని ఆగకూడదని మా సార్ పట్టు. ప్రతి ఛాసిస్ స్విచ్ నుంచి రెండేసి కేబుళ్లు పైకి లాగాలనుకుంటున్నా. రెండూ ఒకే స్విచ్‌కి వెయ్యాలా, ఒకటి ఏకి ఒకటి బీకి అడ్డంగా వెయ్యాలా? బ్లేడ్‌లో బాండింగ్ (రెండు నెట్‌వర్క్ పోర్టులను ఒకటిగా కట్టడం) ఏ మోడ్ పెట్టాలి?

కారందోసె_కడప | శుక్రవారం రాత్రి 10:05

మోడ్ 4 పెట్టేయ్, ఎల్‌ఏసీపీ, సర్వరూ స్విచ్చూ మాట్లాడుకుని లింకులను ఒకటిగా కట్టే పద్ధతి. మా కాలేజీలో మూడేళ్లుగా నడుస్తోంది. రెండు లింకులూ వాడుకుంటుంది, ఒకటి పోతే ఇంకోటి ఉంటుంది. టెన్షన్ లేదు.

బురుజు_కింద | కర్నూలు | శుక్రవారం రాత్రి 11:20

కడప తమ్ముడూ, మీ కాలేజీ సర్వర్ నుంచి రెండు కేబుళ్లూ ఒకే స్విచ్‌కి పోతున్నాయా, రెండు వేర్వేరు స్విచ్‌లకా? ఒకే స్విచ్ అయితే నువ్వు చెప్పింది సరే. ఇక్కడి కథ వేరు.

ఈ పెట్టెలో బ్లేడ్‌కి ఉన్న మొదటి నెట్‌వర్క్ పోర్టు మధ్యనున్న బోర్డు గుండా ఒకటో బేకి పోతుంది, రెండో పోర్టు రెండో బేకి. అది ఫ్యాక్టరీలో చేసిన వైరింగ్, మనం మార్చేది కాదు. అంటే బ్లేడ్ రెండు కాళ్లూ రెండు వేర్వేరు స్విచ్‌ల మీద ఉన్నట్టు. ఎల్‌ఏసీపీకి అవతలి గట్టున ఒకే స్విచ్ ఉండాలి, లేదా రెండు స్విచ్‌లు ఒకటిగా నటించాలి. 3020లు అట్లా నటించవు.

హంద్రీ తమ్ముడూ, మోడ్ 1 పెట్టు. యాక్టివ్ బ్యాకప్, ఒక పోర్టు పనిచేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. నాలుగు బ్లేడ్లకు ఒకటో పోర్టు ప్రైమరీ, మిగతా నాలుగింటికి రెండోది. అప్పుడు రెండు స్విచ్‌లకూ పని ఉంటుంది. ఒకటో బే నుంచి రెండు కేబుళ్లూ ఏకి, రెండో బే నుంచి రెండూ బీకి, పోర్ట్ ఛానల్ కట్టి. అడ్డంగా వద్దు.

కారందోసె_కడప | శుక్రవారం రాత్రి 11:48

అన్నా, ఇప్పుడే సర్వర్‌లోకి వెళ్లి చూశా. మా కేబుళ్లు కూడా రెండు వేర్వేరు స్విచ్‌లకే పోతున్నాయి! మరి మూడేళ్లుగా ఎట్లా నడుస్తోంది?

బురుజు_కింద | శనివారం ఉదయం 6:15

సర్వర్‌లో /proc/net/bonding కింద ఉన్న ఫైల్ తెరిచి చూడు. రెండు పోర్టులకీ అగ్రిగేటర్ (లింకుల కట్ట) నంబర్లు వేర్వేరుగా ఉంటాయి. లైనక్స్ వాటిలో ఒకదాన్నే వాడుతుంది, రెండోది కూర్చుని చూస్తూ ఉంటుంది. స్విచ్‌లో ఎల్‌ఏసీపీ పెట్టకపోతే పార్ట్‌నర్ మ్యాక్ (అవతలి స్విచ్ హార్డ్‌వేర్ అడ్రసు) చోట అన్నీ సున్నాలే కనబడతాయి. రెండెడ్ల బండి అనుకుంటూ మూడేళ్లు ఒంటెద్దు బండి తోలావు.

కారందోసె_కడప | శనివారం ఉదయం 8:02

సున్నాలే అన్నా. పన్నెండు సున్నాలు. మా ప్రిన్సిపాల్‌కి చెప్పకండి.

టవర్‌క్లాక్_9 | అనంతపురం | శనివారం ఉదయం 9:30

బురుజు అన్న మాటతో నేను సగమే ఏకీభవిస్తా. ఒకటో బే నుంచి రెండూ ఏకే వేస్తే, ‘ఏ’ స్విచ్ పోయిన రోజు ఒకటో బే మొత్తం గుడ్డిదవుతుంది. అడ్డంగా వేస్తే ఒకటో బేకి బీ దారి మిగులుతుంది. లూప్ రాకుండా కాపాడే స్పానింగ్ ట్రీ ఉన్నదెందుకు? అదే చూసుకుంటుంది.

బురుజు_కింద | శనివారం ఉదయం 10:10

చూసుకుంటుంది. ఎట్లా చూసుకుంటుందో చెప్తా. ఏ, బీ మధ్య లింకు ఇప్పటికే ఉంది. ఒకటో బే నుంచి ఏకి ఒకటి, బీకి ఒకటి వేస్తే త్రిభుజం తయారవుతుంది. త్రిభుజం అంటే లూప్, ప్యాకెట్లు అందులోనే గిరగిరా తిరుగుతాయి. స్పానింగ్ ట్రీ ఆ రెండు కేబుళ్లలో ఒకదాన్ని బ్లాక్ చేస్తుంది. రెండో బేలో కూడా అంతే. నాలుగు కేబుళ్లకు డబ్బులు పెట్టి రెండు వాడుకుంటావు. పైన ఏ, బీ ఒకటిగా నటించే రకమై ఉంటే అడ్డంగా వేసి ఒకే పోర్ట్ ఛానల్ కట్టమని నేనే చెప్పేవాణ్ని. ఆ తమ్ముడి దగ్గర అవి లేవు.

ఒకటో బే గుడ్డిదైతే కానీ. బ్లేడ్‌కి రెండో కాలు ఉంది కదా, రెండో బే మీద నిలబడుతుంది.

అనంత_బెంగుళూరు | శనివారం మధ్యాహ్నం 12:40

ఊరు అనంతపురం, పని బెంగుళూరులో. మా దగ్గర సిస్కో వాళ్ల బ్లేడ్ సర్వర్లు, యూసీఎస్, ఉన్నాయి. 5108 ఛాసిస్, 6 యూనిట్లు, 8 బ్లేడ్లు. వాళ్లు ఈ తగువు లేకుండా ముందే తీర్పు ఇచ్చేశారు. పైనున్న రెండు స్విచ్‌లను ఫ్యాబ్రిక్ ఏ, బీ అంటారు, ఛాసిస్ ఎడమ మాడ్యూల్ కేబుళ్లన్నీ ఫ్యాబ్రిక్ ఏకే పోవాలి, కుడివైపువన్నీ బీకే. అడ్డంగా వేస్తే ఒప్పుకోదు. ఏ, బీల మధ్య కేబుళ్లు ఉంటాయి కానీ వాటిలో మన డేటా నడవదు, అవి ఒకదాని నాడి ఇంకోటి చూసుకోవడానికి మాత్రమే. ఎల్‌ఏసీపీ కావాలంటే ఫ్యాబ్రిక్ నుంచి పైకి కట్టుకోవాలి, బ్లేడ్ నుంచి కాదు.

అంటే బురుజు అన్న చెప్పిన పద్ధతే. ఎవరి దారి వారిది, కలిసేది పైన.

రాత్రి_డ్యూటీ | కడప | శనివారం మధ్యాహ్నం 3:15

అంతా బాగుంది. ఒక్కటి మాత్రం ఎవరూ అడగలేదు. ఒకటో బే గుడ్డిదైన సంగతి బ్లేడ్‌కి ఎవరు చెప్తారు?

మామూలు సర్వర్ అయితే కేబుల్ పీకగానే లైటు ఆరిపోతుంది, బాండ్‌కి తెలిసిపోతుంది. బ్లేడ్‌కి కేబులే లేదు. దాని పోర్టు నుంచి ఛాసిస్ స్విచ్ దాకా ఉన్నది బోర్డు మీది రాగి గీత. స్విచ్‌కి కరెంటు ఉన్నంతసేపు ఆ గీత ‘అప్’ అనే చూపిస్తుంది. పైకి పోయే కేబుళ్లు రెండూ ఎలుక కొరికేసినా, ‘ఏ’ స్విచ్ కాలిపోయినా బ్లేడ్‌కి కింద అంతా పచ్చగానే కనబడుతుంది. మోడ్ 1 కదలదు. ప్యాకెట్లన్నీ ఒకటో బేలోకి పోయి అక్కడే చచ్చిపోతాయి.

హంద్రీ, ఇది నిజమో కాదో నా మాట మీద నమ్మొద్దు. వీఎంలు ఎక్కించకముందే ఒకటో బే నుంచి రెండు కేబుళ్లూ పీకి చూడు.

హంద్రీ_గట్టు | ఆదివారం రాత్రి 1:25

చూశాను. నిద్ర పోయింది.

బురుజు అన్న చెప్పినట్టు కేబుళ్లు వేశా. ఒకటో బే ప్రైమరీగా ఉన్న బ్లేడ్ మీద పరీక్షకు ఒక వీఎం పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి పింగ్ వదిలా. ఒక కేబుల్ పీకా, ఏం కాలేదు. రెండోది కూడా పీకా. పింగ్ ఆగిపోయింది. ఆగింది ఆగినట్టే ఉంది. ఐదు నిమిషాలు చూశా. బ్లేడ్ కన్సోల్‌లో బాండ్ ఫైల్ తెరిస్తే రెండు పోర్టులూ ‘అప్’, యాక్టివ్‌గా ఉన్నది ఇంకా ఆ మొదటి పోర్టే. ఇంట్లో దొంగలు పడితే వీధి గేటు దగ్గర వాచ్‌మన్ సెల్యూట్ కొడుతున్నట్టుంది.

ఎనిమిది బ్లేడ్లలో నాలుగు ఇట్లా పోయేవి. సోమవారం బిల్లింగ్ ఎక్కించాలనుకున్నాం.

రాత్రి_డ్యూటీ | ఆదివారం రాత్రి 1:50

ఎక్కించకముందే తెలిసింది, మంచిదే. మందు నీ స్విచ్‌లోనే ఉంది. లింక్ స్టేట్ ట్రాకింగ్ అంటారు. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ముందు గ్లోబల్‌గా ‘లింక్ స్టేట్ ట్రాక్ 1’ ఆన్ చెయ్యి. తర్వాత పైకి పోయే పోర్ట్ ఛానల్‌ను గ్రూప్ 1లో అప్‌స్ట్రీమ్ అను, బ్లేడ్ల వైపున్న 1 నుంచి 16 పోర్టులను డౌన్‌స్ట్రీమ్ అను. అప్‌స్ట్రీమ్ మొత్తం పోయిన క్షణాన డౌన్‌స్ట్రీమ్ పోర్టులను స్విచ్ తనంతట తానే పడేస్తుంది. అప్పుడు బ్లేడ్‌కి లింకు నిజంగానే పోతుంది, బాండ్ అవతలి కాలు మీదికి మారుతుంది.

రెండు జాగ్రత్తలు. పోర్ట్ ఛానల్‌లో ఉన్న విడి పోర్టులను గ్రూప్‌లో పెట్టొద్దు, ఛానల్‌నే పెట్టు. ఇంకోటి, 3020 బయటి పోర్టులు ఎనిమిదింటిలో చివరి రెండు, 23, 24, పక్క బే స్విచ్‌తో లోపల్లోపలే కలిసేటట్టు పెట్టుకోవచ్చు. వాటిని పొరపాటున అప్‌స్ట్రీమ్‌లో చేర్చావా, పైకి దారి మొత్తం పోయినా స్విచ్ ‘నాకింకా అప్‌స్ట్రీమ్ ఉంది’ అనుకుని బ్లేడ్లను పడెయ్యదు. నువ్వు వాడట్లేదు కాబట్టి ఆ రెండూ షట్ చేసి పెట్టు. ఆ లింకు తెరిచి ఉంటే లూప్ కూడా తయారవుతుంది.

టవర్‌క్లాక్_9 | ఆదివారం ఉదయం 9:05

నిన్న స్పానింగ్ ట్రీ అని వాదించా, ఈ సంగతి నాకూ తట్టలేదు. మా ఛాసిస్‌లో వర్చువల్ కనెక్ట్ మాడ్యూళ్లు (స్విచ్‌ల బదులు పెట్టే హెచ్‌పీవి) ఉన్నాయి. దాంట్లో ఇదే పనికి స్మార్ట్‌లింక్ అని ఉంటుంది. ఒక్కో నెట్‌వర్క్‌కి విడిగా టిక్కు పెట్టాలి. ఇది చదివాక పోయి చూస్తే మూడు నెట్‌వర్క్‌లకు పెట్టి ఉంది, నాలుగోదానికి లేదు. నాలుగోది నేనే చేసింది.

స్విచ్ ముట్టుకోకుండా కావాలంటే బాండింగ్‌లో ఏఆర్‌పీ మానిటరింగ్ ఉంది. లైటు చూడ్డం మానేసి, ఫలానా ఐపీ పలుకుతోందా అని అడుగుతూ ఉంటుంది. గేట్‌వే ఒక్కటే ఇస్తే అది రీబూట్ అయినప్పుడు రెండు కాళ్లూ పోయాయనుకుంటుంది, ఇంకో ఐపీ కూడా ఇవ్వాలి. లైటు చూసే ఎంఐఐ మానిటర్‌తో కలిపి వాడకూడదు.

హంద్రీ_గట్టు | ఆదివారం సాయంత్రం 6:30

ట్రాకింగ్ పెట్టా. కేబుళ్లు రెండూ పీకితే ఒకటో రెండో పింగ్‌లు పోయి మళ్లీ మొదలైంది! లేచి ఈల వేశా. పక్కనున్న సెక్యూరిటీ అంకుల్ ఏమైందని పరిగెత్తుకొచ్చాడు.

తర్వాత కేబుళ్లు తిరిగి పెట్టా. పెట్టగానే మళ్లీ పింగ్ పోయింది. పీకితే పోవాల్సింది పెడితే పోతోంది. దాదాపు అర నిమిషం, తర్వాత దానంతట అదే వచ్చింది.

బురుజు_కింద | ఆదివారం సాయంత్రం 7:15

అర నిమిషం అంటే 15, 15 సెకన్లు. పాత స్పానింగ్ ట్రీలో పోర్టు పనిలోకి దిగేముందు ఆగే లిజనింగ్, లెర్నింగ్ దశలు. నీ స్విచ్‌లు పీవీఎస్‌టీ అనే ఆ పాత రకం మీదే ఉన్నట్టున్నాయి. కేబుల్ పెట్టగానే లింకు వచ్చింది, ట్రాకింగ్ బ్లేడ్ పోర్టులను లేపింది, బాండ్ ‘నా ప్రైమరీ వచ్చేసింది’ అని ఉరికింది. పైపోర్టు మాత్రం ఇంకా కళ్లు నులుముకుంటోంది. ఆ 30 సెకన్లు వీఎంలు గోడకు మాట్లాడుతున్నాయి.

మూడు పనులు చెయ్యి. నాలుగు స్విచ్‌లనూ ర్యాపిడ్‌కి, అంటే త్వరగా తేరుకునే స్పానింగ్ ట్రీకి, మార్చు. బ్లేడ్ల వైపు పోర్టుల్లో పోర్ట్‌ఫాస్ట్ పెట్టు, అవి ఆ ఆగడం లేకుండా వెంటనే లేస్తాయి. నీవి ట్రంక్ పోర్టులు (ఒకే లింకులో చాలా నెట్‌వర్క్‌లను మోసేవి) కాబట్టి ఉత్త పోర్ట్‌ఫాస్ట్ పనిచెయ్యదు, వెనక ‘ట్రంక్’ అనే మాట చేర్చాలి. ఆఖరిది, బాండ్‌లో అప్‌డిలే 60000 పెట్టు. అది మిల్లీసెకన్ల లెక్క. లింకు వచ్చాక నిమిషం ఆగి ఎక్కుతుంది. నన్నడిగితే ప్రైమరీ రీసెలెక్ట్‌ను ‘ఫెయిల్యూర్’ అని పెట్టుకుంటే ఇంకా మేలు. తిరిగి ప్రైమరీకి పోవడం నీకు తీరిక ఉన్నప్పుడు నువ్వే చేసుకోవచ్చు. ఇంటికి కొత్తల్లుడు వచ్చినంత హడావిడి దానికెందుకు?

కారందోసె_కడప | ఆదివారం సాయంత్రం 7:40

అన్నా, మీరు కర్నూల్లో ఏ హోటల్లో ఉగ్గాని తింటారో చెప్పండి, నేనే వచ్చి బజ్జీలు ఇప్పిస్తా. నా సున్నాలు మాత్రం ఇంకా అట్లాగే ఉన్నాయి.

హంద్రీ_గట్టు | సోమవారం రాత్రి 11:10

బురుజు అన్నా, మూడూ చేశా. ఈ రాత్రి అసలు వీఎంలతోనే పరీక్షించాం. పీకినా పెట్టినా బిల్లింగ్‌కి తెలియనే లేదు. ఒక్కటి తప్ప అన్నీ నిలబడ్డాయి. హాజరు సర్వరు. కేబుళ్లు పీకాక నాలుగు నిమిషాలకు పైగా ఎవరికీ పలకలేదు. అదే బ్లేడ్ మీదున్న మిగతావి బాగున్నాయి. కన్సోల్‌లోంచి దాని లోపలికి వెళ్లి గేట్‌వేని పింగ్ చేశానో లేదో, ఆ క్షణం నుంచి బయటివాళ్లకూ పలుకుతోంది. నిన్న పాత స్పానింగ్ ట్రీ ఉన్నప్పుడు ఇదే వీఎం ఇంత ఇబ్బంది పెట్టలేదు. దెయ్యం పట్టిందా?

రాత్రి_డ్యూటీ | మంగళవారం ఉదయం 5:30

దెయ్యం కాదు, మొహమాటం. ఆ సర్వరు ఎవరైనా అడిగితేనే జవాబిచ్చే రకం, తనంతట తాను నోరు తెరవదు.

ఫైర్‌వాల్ బీ మీద ఉందన్నావు. బీ దగ్గరున్న మ్యాక్ పట్టికలో ఈ వీఎం ‘ఏ’ స్విచ్ వైపు ఉందని రాసి ఉంది. వీఎం ఇప్పుడు రెండో బే గుండా నేరుగా బీ కిందికి వచ్చేసింది, ఆ సంగతి బీకి చెప్పలేదు. ఫైర్‌వాల్ నుంచి వచ్చిన ప్యాకెట్‌ను బీ పాత లెక్క ప్రకారం ఏకి పంపుతుంది. ఏకి ఆ మ్యాక్ ఎక్కడుందో తెలియదు. తనకున్న అన్ని పోర్టుల్లోకీ వదులుతుంది, వచ్చిన దారిలోకి మాత్రం తిప్పి పంపదు. వీఎం ఉన్నది ఆ దారిలోనే. పట్టికలో పాత లెక్క మామూలుగా 300 సెకన్ల దాకా ఉంటుంది. నీ నాలుగు నిమిషాలు అదే. మాటకారి వీఎంలు ఒక్క ప్యాకెట్ బయటికి పంపగానే బీ లెక్క సరిదిద్దుకుంటుంది కాబట్టి వాటికి ఏమీ కాలేదు.

ఆదివారం ఈ బాధ ఎందుకు లేదంటే, పాత స్పానింగ్ ట్రీలో ఫార్వర్డింగ్‌లో ఉన్న పోర్టు పడిపోయినా టోపాలజీ (నెట్‌వర్క్ ఆకారం) మారిందని అందరికీ కబురు పోతుంది, పట్టికలోని పాత లెక్కలు 15 సెకన్లలో చెల్లిపోతాయి. ర్యాపిడ్‌లో పోర్టు పడిపోతే కబురు పోదు, కొత్తది లేస్తేనే పోతుంది. ఒక రోగానికి మందేస్తే ఇంకోటి బయటపడింది. ‘ఏ’ స్విచ్ మొత్తం చచ్చిపోతే మాత్రం ఈ బాధ లేదు, ఏ, బీ మధ్య లింకే పోతుంది కాబట్టి బీ ఆ లెక్కలన్నీ చెరిపేస్తుంది.

ఖర్చు లేని చిట్కా: ఆ వీఎంలో క్రాన్ (టైం ప్రకారం పని చేయించేది) పెట్టి నిమిషానికోసారి గేట్‌వేని ఒక్క పింగ్‌తో పలకరించమను.

బురుజు_కింద | మంగళవారం ఉదయం 7:00

ఇది నేను ఇరవై ఏళ్లలో ఎప్పుడూ ఇంత విడమరిచి వినలేదు. రాత్రి డ్యూటీ చేసేవాళ్లకే ఇట్లాంటివి దొరుకుతాయి.

హంద్రీ, నెట్‌వర్క్ అయిపోయింది కదా, ర్యాక్ వెనక్కి పోయి కరెంటు వైర్లు ఎటు పోతున్నాయో చూసిరా. సీ7000కి ఆరు పవర్ సప్లైలు. మూడు ఒక లైన్ మీద, మూడు ఇంకో లైన్ మీద ఉండాలి. ఏ, బీ స్విచ్‌లు కూడా అంతే.

హంద్రీ_గట్టు | మంగళవారం ఉదయం 10:45

చూశా అన్నా. ఛాసిస్ బాగానే ఉంది, మూడూ మూడూ. ఏ, బీ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉన్నాయి. ఆ బోర్డులో మూడో ప్లగ్గు ఆఫీస్ బాయ్ ఫోన్ చార్జరు. దానికి ఒక స్విచ్ బటన్ కూడా ఉంది, ఎర్ర లైటుతో.

బురుజు_కింద | మంగళవారం ఉదయం 11:00

ఆ ఎర్ర బటన్ ఫోటో తీసి మీ సార్‌కి పంపు, రెండో యూపీఎస్ లైన్ సాయంత్రానికల్లా వస్తుంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు నేను పనిచేసే చోట అన్నీ రెండేసి ఉండేవి. రెండు స్విచ్‌లు, రెండు యూపీఎస్‌లు, రెండు సర్వర్లు. అన్నీ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒకే గదిలో. నీళ్లు తీశాక ఆ గదిలోంచి బురద పారలతో ఎత్తాం. బ్యాకప్ టేపులు కూడా ఆ గది బీరువాలోనే ఉండేవి. మీ గది ఎన్నో అంతస్తు?

హంద్రీ_గట్టు | మంగళవారం ఉదయం 11:20

రెండో అంతస్తు అన్నా. పైన వాటర్ ట్యాంకు ఉంది. అడగకండి.

ఎర్రగుంట్ల_కుర్రోడు | బుధవారం రాత్రి 10:30

అన్నలూ, మొత్తం చదివా. మా దగ్గర డెల్ ఎం1000ఈ బ్లేడ్ ఛాసిస్ ఉంది, ఏ1, ఏ2 స్లాట్లలో స్విచ్ మాడ్యూళ్లు. లైనక్స్ మోడ్ 1 బాండింగ్. రెండేళ్లుగా ఏ సమస్యా లేదు. మాకూ ఇదంతా అవసరమా?

హంద్రీ_గట్టు | బుధవారం రాత్రి 10:42

డెల్‌లో అప్‌లింక్ స్టేట్ గ్రూప్ అని వెతుకు తమ్ముడూ, అదే పని చేస్తుంది. ముందు మీ సార్‌ని అడిగి, జనం లేని టైంలో ఏ1 నుంచి పైకి పోయే కేబుళ్లన్నీ పీకి, బాండ్ ఏమంటోందో ఇక్కడ రాయి.

ఎర్రగుంట్ల_కుర్రోడు | గురువారం రాత్రి 12:15

‘అప్’ అంటోంది అన్నా.